చిన్న అడుగులకు అందే దీవి

మారిషస్ పేరు వినగానే మనవాళ్ళలో చాలామందికి కొత్తగా పెళ్ళయిన జంటల ఫొటోలు గుర్తొస్తాయి. నీలి సముద్రం, తెల్లటి ఇసుక, వెనకాల సరుగుడు చెట్ల వరస. ఆ ఫొటోల్లో ఉన్నది నిజమే గాని, అది దీవి అంచు మాత్రమే. లోపలి కొండల్లోకి వెళ్ళొచ్చినవాళ్ళ కబుర్లు ఇంకో రకంగా ఉంటాయి: ఎన్ని మీటర్లు ఎక్కారు, ఎన్ని గంటల్లో ఎక్కారు, చివర్లో బండరాళ్ళ మీద ఎలా పాకారు. ఈ రెండింటికీ మధ్యన మూడో మారిషస్ ఒకటుంది. ఐదేళ్ళ పిల్ల, పదేళ్ళ కుర్రాడు, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ ముగ్గురూ కలిసి నడవగలిగిన దారుల మారిషస్ అది. కొండలెక్కే అలవాటున్నవాళ్ళు ఆ దారుల్ని కాలక్షేపం కింద కొట్టిపారేస్తారు. తిరిగొచ్చాక స్థిమితంగా ఆలోచిస్తే నాకు బలపడిన అభిప్రాయం అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆ దీవి తన అసలు కథ చెప్పేది ఈ తేలిక దారుల మీదే. శిఖరం మీది నుంచి కనిపించేది దృశ్యం. ఆ దృశ్యం అలా ఎందుకుందో తెలియాలంటే నెమ్మదిగా నడవాలి, మాటిమాటికీ ఆగాలి, వంగి చూడాలి. పిల్లలతో నడిచేవాళ్ళకి ఆ మూడూ ఎలాగూ తప్పవు.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. సుమారు 80 లక్షల ఏళ్ళ కిందట సముద్రగర్భంలోంచి లావా ఎగదన్నుకొచ్చి ఏర్పడ్డ దీవి ఇది. విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్ల లోపే. అన్నిటికన్నా ఎత్తైన కొండ 828 మీటర్లు. అంటే మన అరకు లోయ అడుగున నిలబడినా దానికన్నా ఎత్తునే ఉంటాం. అడవుల్లో విషప్పాములు లేవు, మనిషి మీదికొచ్చే పెద్ద మృగాలు లేవు. మన దగ్గర నల్లమలలోనో పాపికొండల్లోనో పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్ళాలంటే పెద్దవాళ్ళ గుండెల్లో ఉండే గుబులు అక్కడ అక్కర్లేదు. భయపడాల్సింది ఆకాశానికి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. మధ్యలోని పీఠభూమి మీద మబ్బు ఏ పూటైనా కమ్మేస్తుంది, వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి. మే నుంచి అక్టోబరు దాకా చల్లగా, నడవడానికి హాయిగా ఉంటుంది. అందుకే ఆదివారాలు అక్కడి కుటుంబాలు బిర్యానీ గిన్నెలు, చాపలు, పిల్లలతో సహా బయటపడతాయి. దారిలో ఎదురైన అపరిచితుడికి 'బోంజూర్' చెప్పకుండా ఎవరూ దాటరు. అలా చెప్పకపోవడం అక్కడ మొహం తిప్పుకోవడంతో సమానం. మన పార్కుల్లో పొద్దున్నే నడిచేవాళ్ళం ఏళ్ళ తరబడి ఎదురుపడుతూ కూడా పలకరించుకోం కదా, ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

విమానం దిగే ఆగ్నేయ మూలనే మహేబూర్ ఊరు. దానికి ఎదురుగా, తీరానికి కిలోమీటరు కూడా లేని దూరంలో ఈల్ ఓ జెగ్రెట్ అనే చిట్టి దీవి. మొత్తం కలిపి 26 హెక్టార్లే. నల్లటి లావా రాతి దేశంలో ఇదొక్కటి పగడపు సున్నపురాయి తెప్పలా తేలుతుంటుంది. పడవ దిగగానే వెంట ఒక గైడు వస్తారు; గుర్తులు పెట్టిన కాలిబాట తప్పి పక్కకి అడుగు వేయనివ్వరు. ఎక్కడా ఎత్తు లేదు, చాలామటుకు నీడే. దారి పక్కన వేలి మందం కాండంతో, ముదురు ఆకులతో కనిపించే మొక్క ఎబొనీ. నల్లటి చేవ కోసం 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు నరుక్కుపోయిన జాతులకు ఇది చెల్లెలు. తీరప్రాంతపు ఈ జాతి ఇప్పుడు ప్రధానంగా ఇక్కడే మిగిలింది. మన అడవుల్లో బీడీ ఆకు కోసే తునికి చెట్టు కూడా దీని కుటుంబమే. ఆదిలాబాదు, భద్రాచలం వైపు తునికి పండు తిన్నవాళ్ళకి ఆ మొక్క ముందు నిలబడితే వరసైన చుట్టాన్ని చూసినట్టుంటుంది. ఎబొనీ మహా నెమ్మదిగా పెరుగుతుంది. పిల్లవాడి నడుం ఎత్తున్న మొక్క వయసు ఆ పిల్లవాడి తండ్రి వయసంత ఉండొచ్చు.

అక్కడే పొదల్లోంచి పెద్ద తాబేళ్ళు బయటికొస్తాయి. ఇవి ఆ దీవి సొంత సంతానం కావు. మారిషస్‌కి సొంతంగా ఉన్న రాక్షస తాబేళ్ళని నావికులు ఓడల్లోకి సజీవంగా ఎక్కించుకుని, నెలల తరబడి మాంసంగా వాడుకుంటూ పూర్తిగా అంతం చేశారు. వాటితో పాటు అవి చేసే పనీ ఆగిపోయింది. ఎబొనీ పండు తిని, కొంత దూరం నడిచి, గింజని విసర్జించి, మొలకెత్తించే జీవి లేకుండా పోయింది. దాంతో సంరక్షకులు సేషెల్స్‌కి చెందిన అల్డాబ్రా నుంచి వచ్చిన జాతి తాబేళ్ళని ఇక్కడ వదిలారు. తాబేలు కడుపులోంచి వచ్చిన ఎబొనీ గింజలు బాగా మొలకెత్తుతున్నాయని పరిశోధకులు చూశారు. తల్లి చెట్టుకి దూరంగా, తాబేలు తిరిగిన దారుల్లో ఇప్పుడు లేత ఎబొనీలు లేస్తున్నాయి. ఈ మొత్తం వ్యవహారాన్ని నేల మీద చూడొచ్చు: తాబేలు ముడతల మెడ సాగదీసి ఆకు కొరకడం, అది నలిపేసిన గడ్డి బాట, ఆ పక్కనే రెండాకుల మొలక. అడుగులు లెక్కపెట్టుకుంటూ, గడియారం చూసుకుంటూ నడిచేవాళ్ళకి ఆ మొలక కనబడదు. గొంతుక్కూర్చునే అలవాటున్న ఐదేళ్ళ పిల్లకి ముందు కనబడేది అదే. కాండం మీద ఆకుపచ్చ, ఎరుపు చుక్కలతో మెరిసే పగటి బల్లుల్ని కనిపెట్టేదీ సాధారణంగా పిల్లలే. వాటి ఎత్తు, పిల్లల కళ్ళ ఎత్తు ఒకటే.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. దారి సులువు చేస్తే జనం పెరుగుతారు, జనం పెరిగితే అడవి పాడవుతుంది, అందుకని దారి కష్టంగా ఉండటమే ప్రకృతికి రక్ష అంటారు. మన కొండల మీద, జలపాతాల దగ్గర ప్లాస్టిక్ సీసాల గుట్టలు చూసినవారెవరూ ఈ మాటని తేలిగ్గా తీసెయ్యలేరు. కాని మారిషస్‌లో ఏది దేనివల్ల పోయిందో చూడండి. డోడో పక్షి పోయింది 1598లో డచ్చివాళ్ళు అడుగుపెట్టిన వందేళ్ళ లోపు, ఓడలతో వచ్చిన ఎలుకలు, పందులు, కోతుల చేతుల్లో. అడవి పోయింది ముందు కలపకీ, తర్వాత చెరకుకీ. చెక్కుచెదరని సొంత అడవి ఇప్పుడు దీవి మొత్తం మీద రెండు శాతం కూడా లేదు. 2020 జూలైలో వకాషియో అనే ఓడ ఈ చిట్టి దీవికి దగ్గర్లోనే పగడపు దిబ్బ మీదికెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలోకి వదిలింది. ఈ నష్టాల్లో దేనికీ కాలినడకన వచ్చిన కుటుంబం కారణం కాదు. ఆ నూనె తెట్టు కట్టినప్పుడు మాత్రం వేలమంది మామూలు జనం ఒడ్డుకొచ్చి, చెరకు ఆకుని సంచుల్లో కుక్కి, తాళ్ళతో కుట్టి, సముద్రం మీద తేలే అడ్డుకట్టలు తయారుచేశారు. ఎక్కడా కాలుపెట్టనివ్వని చోటు కోసం జనం అలా కదులుతారని నేననుకోను. పోతే, సులువు అంటే తలుపులు బార్లా తీసిపెట్టడమని ఎవరూ అనలేదు. చిన్న గుంపులు, వెంట ఒక మనిషి, దాటకూడని గీత ఉన్న దారి పిల్లలకి ఎంత క్షేమమో అడవికీ అంతే క్షేమం. విచ్చలవిడి దారికీ సులువైన దారికీ ఉన్న తేడా మనం ఇంకా సరిగ్గా గుర్తించలేదు.

మహేబూర్ నుంచి పీఠభూమి ఎక్కే రోడ్డుకి రెండు వైపులా చెరకే. ఆ పచ్చదనం మధ్యలో అక్కడక్కడ నల్లరాళ్ళ గుట్టలు, కొన్నిచోట్ల మెట్లు మెట్లుగా పేర్చిన దిబ్బలు. కారు కిటికీలోంచి చూస్తే కొండ ముక్కల్లా ఉంటాయి. చేను గట్టున దిగి పది నిమిషాలు నడిస్తే తెలుస్తుంది, అవి మనిషి చేతులు ఎత్తిపోసినవని. లావా రాళ్ళతో నిండిన నేలలో చెరకు నాటాలంటే ముందు ఆ రాళ్ళు ఏరాలి. బానిసలు ఏరారు, 1835లో బానిసత్వం రద్దయ్యే రోజుల్లో మొదలుపెట్టి మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా తెచ్చినవాళ్ళు ఏరారు. ఇవాళ పిల్లవాడు కాలు తట్టుకోకుండా పరుగెత్తే చేలబాట చదునుగా ఉన్నదంటే, దాని తాలూకు రాళ్ళన్నీ పక్కన గుట్టగా ఉన్నాయి గనకే. తేలిక దారి తేలిగ్గా రాదన్న సంగతి ఆ దీవిలో ప్రతిచోటా తెలుస్తూనే ఉంటుంది. ఊళ్ళు వచ్చినప్పుడల్లా రోడ్డు పక్కన గాజుపెట్టె వెనక ధోల్‌పూరీ అమ్ముతుంటారు. శనగపప్పు పొడి నింపి కాల్చిన పల్చటి రొట్టెలు, జంటగా, మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, పచ్చిమిరప పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. పక్కనే బుట్టలో చిన్న చిన్న పప్పు వడలు. మనం మసాలా వడ అంటే వాళ్ళు గాతో పిమాఁ అంటారు. పీఠభూమి మీది చల్లగాలిలో నడిచి వచ్చాక ఆ రెండూ వేడిగా తింటే ఇంకేమీ అక్కర్లేదు.

దీవి నడిబొడ్డున, అగ్నిపర్వతపు నోట్లో నిండిన నీళ్ళే గంగా తలావ్. మారిషస్‌లో అన్నిటికన్నా పెద్ద కుటుంబ నడక ఏదంటే నేను దీన్నే చెబుతాను. మహాశివరాత్రికి దీవి నలుమూలల నుంచి లక్షలాది మంది తెల్లబట్టలు కట్టుకుని, వెదురుతో అలంకరించిన కావళ్ళు మోసుకుంటూ, రాత్రింబగళ్ళు నడిచి ఇక్కడికి చేరతారు. ఉత్తరాన ఉన్న త్రియోలే ఊరినుంచి 1898లో కొద్దిమంది నడిచి రావడంతో ఇది మొదలైంది. 1972లో మన గంగ నీళ్ళు తెచ్చి ఇందులో కలిపారు. దారి పొడుగునా ఇళ్ళవాళ్ళు గుడారాలు వేసి పళ్ళరసం, టీ, రొట్టెలు ఉచితంగా చేతికందిస్తారు. అలా ఇచ్చేవాళ్ళలో వేరే మతాలవాళ్ళూ ఉంటారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళకి విశాఖ జనం మజ్జిగ, పులిహోర పంచడం చూసినవారికి ఇది కొత్త కాదు. మారిషస్ తెలుగువాళ్ళ ఇళ్ళలో సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ ఉంది. నడక సరదా మనది కాదు, తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకున్నది అనే మాట వినిపిస్తుంటుంది. మన కుటుంబాలు పసిపిల్లల్ని భుజాన వేసుకుని తరతరాలుగా నడుస్తూనే ఉన్నాయి. దేవుడి పేరు లేకుండా, ఒక చెట్టు కోసమో పిట్ట కోసమో నడవడం ఒక్కటే మనకి ఇంకా కొత్త.

అక్కణ్ణుంచి పెట్రాన్ దూరం కాదు. 1994లో ఏర్పడ్డ బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కుకి ఇదొక గుమ్మం. పార్కు విస్తీర్ణం సుమారు 6,500 హెక్టార్లు, లోపలికి వెళ్ళడానికి రుసుం లేదు. ఇక్కణ్ణుంచి మకాబే అడవి వైపు వెళ్ళే బాట మొదటి భాగం వెడల్పుగా, దాదాపు చదునుగా సాగుతుంది. చివరికంటా వెళ్ళి లోయలోకి దిగడం కష్టం. ఆ దిగుడు మొదలయ్యే చోటిదాకా వెళ్ళి వెనక్కి రావడం ఎవరికైనా చేతనవుతుంది. అడవి అనగానే ఆకాశాన్నంటే మానుల్ని ఊహించుకునేవాళ్ళకి ఇది మొదట చిన్నబోయినట్టు కనిపిస్తుంది. తుఫాను గాలులకి తలొంచి పెరిగిన పొట్టి చెట్లు, మొగలి జాతి పొదలు, కొమ్మల నిండా నాచు. వాటి మధ్య ఎక్కడ చూసినా చైనా జామ. పేరు చైనాదే గాని ఇది బ్రెజిల్ మొక్క. సన్నటి నున్నటి కాండాలతో పిడికిలి పట్టనంత దట్టంగా లేచి, సొంత మొక్కల్ని మొలవనివ్వకుండా చేస్తుంది. చల్లటి నెలల్లో ఎర్రగా, గోలీకాయంత పళ్ళు కాస్తుంది. స్థానిక కుటుంబాలు సంచులు పట్టుకుని ఆ పళ్ళు కోసుకోవడానికి వస్తాయి. ఉప్పూ కారం అద్దుకుని అక్కడే తింటాయి. అడవికి శత్రువైన మొక్క పిల్లలకి అడవిలోకి దారి చూపిస్తోంది! ఈ చిక్కుముడిని ఏ బోర్డూ అంత బాగా చెప్పలేదు. నోట్లో పుల్లటి పండు ఉండగానే, పక్కన కంచె వేసిన భాగంలో అదే మొక్కని వేళ్ళతో సహా పెకలించి పడేసిన కుప్పలు చూడొచ్చు. పందుల్నీ జింకల్నీ రానివ్వకుండా కంచె కట్టి, కలుపుని చేత్తో ఏరి, అలా ముక్కలు ముక్కలుగా సొంత అడవిని మళ్ళీ లేపుతున్నారు.

ఈ అడవి పేరు చెప్పి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. తంబలకోక్ అనే చెట్టు గింజ డోడో కడుపులోంచి వస్తేనే మొలిచేదనీ, డోడో పోయాక ఒక్క మొక్కా పుట్టలేదనీ 1977లో ఒక అమెరికన్ శాస్త్రవేత్త రాశారు. వినడానికి ఎంతో బాగుంది, పాఠ్యపుస్తకాలకీ ఎక్కింది. తర్వాత అడవిలో తిరిగి చూసినవాళ్ళు డోడో పోయాక పుట్టిన చెట్లూ ఉన్నాయనీ, గింజ తనంతట తనే మొలకెత్తగలదనీ తేల్చారు. ఈల్ ఓ జెగ్రెట్ తాబేళ్ళ కథ నిలబడింది, ఇది నిలబడలేదు. పిల్లలకి రెండూ చెప్పాలి. నేల మీద వెతికితే కథ మారుతుందని తెలియడం చిన్న చదువేమీ కాదు.

ఇక రెండో అభ్యంతరం. శిఖరం అంటూ ఒకటి లేకపోతే పిల్లలకి విసుగు, చేరాల్సిన చోటు ఉంటేనే నడుస్తారు అంటారు. ఇందులో కొంత నిజముంది. గమ్యం లేని దారి పిల్లల్ని సతాయిస్తుంది. కాని గమ్యం ఎత్తునే ఉండాలన్న నియమం ఎక్కడిది? బ్లాక్ రివర్ లోయ వ్యూపాయింట్‌కి రోడ్డు పక్క నుంచి నాలుగడుగులు. అంచున నిలబడితే కాళ్ళ కింద పచ్చటి అగాధం, దాని లోపల, మన కళ్ళకన్నా కింద, పొడుగాటి తోకతో తెల్లటి పక్షులు ఈదుతున్నట్టు తిరుగుతుంటాయి. పై-ఆఁ-క్యూ అంటారు వాటిని. ఆ దేశపు విమానాల తోక మీద ఉండేదీ అదే పక్షి. పక్షి వీపుని పైనుంచి చూడటం పిల్లలకి ఎంత కొత్తో చెప్పనక్కర్లేదు. అదృష్టం ఉంటే మారిషస్ కెస్ట్రెల్ కనబడుతుంది, పావురమంత డేగ. 1974లో అడవిలో మిగిలినవి నాలుగంటే నాలుగు. దాని పని అయిపోయిందని అందరూ వదిలేసుకున్న రోజుల్లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ యువకుడు వచ్చి, గూళ్ళలోంచి గుడ్లు తీసి పొదిగించి, పిల్లల్ని చేత్తో పెంచి అడవిలో వదిలాడు. ఇప్పుడవి వందల్లో ఉన్నాయి. గులాబీ పావురం కూడా 1990 నాటికి అడవిలో పది దగ్గరే మిగిలి, అదే రకంగా కోలుకుంది. ఈ సంగతి తెలిసిన కుర్రాడికి ఆ అంచున అరగంట నిలబడి ఆకాశం వెతకడం విసుగు కాదు, వేట.

షామరెల్ గురించి ఎక్కువ చెప్పను. జలపాతం, ఏడు రంగుల మట్టి అందరూ చూస్తారు, చూడాల్సినవే. లావా రాయి వర్షానికి కుళ్ళి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లుగా విడిపోయి ఆ ఎరుపులూ ఊదాలూ ఏర్పడ్డాయి. జనం తొక్కకుండా చుట్టూ కంచె ఉంది. అక్కడికి దగ్గర్లోని ఎబొనీ ఫారెస్ట్‌లో చెట్ల మధ్య నుంచి ఎత్తుగా కట్టిన చెక్కబాట మాత్రం తప్పక నడవాలి. వేళ్ళు తొక్కకుండా కొమ్మల మధ్యకి వెళ్ళడానికి అంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు.

దీవి నైరుతి కొసన లె మోర్న్ దగ్గర మాత్రం ఈ వాదనకి నిజమైన పరీక్ష ఎదురవుతుంది. 556 మీటర్ల ఎత్తున, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నిట్టనిలువు బండ అది. 18వ శతాబ్దంలో, 19వ శతాబ్దం మొదట్లో తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని గుహల్లో, పైభాగంలో దాక్కుని బతికారు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది అందుకే. విడుదల కబురు చెప్పడానికి వస్తున్న సిపాయిల్ని చూసి, మళ్ళీ పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొండ మీంచి దూకేశారని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇటువంటి చోటికి సులువైన దారి వెతకడం ఆ మనుషుల్ని అవమానించడం కాదా, వాళ్ళెంత కష్టపడి ఎక్కారో ఒళ్ళు నొప్పి పుట్టేలా ఎక్కితేనే కదా తెలిసేది అని ఎవరైనా అడగొచ్చు. ఈ ప్రశ్నకి బలముంది, నాకు దీని మీద గౌరవమూ ఉంది. కాని ప్రాణభయంతో ఎక్కడం వేరు, మంచి బూట్లేసుకుని, నీళ్ళ సీసా పెట్టుకుని, దిగాక హోటల్లో భోజనం చేయబోతూ ఎక్కడం వేరు. రెండోది మొదటిదాన్ని తెలియజేస్తుందనుకోవడంలోనే అమర్యాద ఉంది. ఆ దారి సగభాగం వెడల్పైన మట్టిబాట. నెమ్మదిగా ఎత్తు పెరుగుతూ, సముద్రం కనిపించే చోటు దాకా పిల్లలు నడిచే తీరులోనే ఉంటుంది. ఆ పైన బండలు మొదలవుతాయి. అక్కడ ఆగి తల ఎత్తి చూస్తే, ఎందుకక్కడికి పారిపోయారో, ఎవరూ వెంటపడి రాలేరని ఎందుకనుకున్నారో మాట అవసరం లేకుండా అర్థమవుతుంది. కొండ కింద బానిసల స్మారక వనంలో, వాళ్ళు వచ్చిన దేశాలని తలుచుకుంటూ చెక్కిన రాతి శిల్పాలున్నాయి. ఎక్కలేని అమ్మమ్మకీ ఎక్కకూడని పసివాడికీ ఆ చరిత్ర మీద హక్కుంది. ఎక్కగలవాళ్ళ సొత్తుగా దాన్ని వదిలెయ్యడం నాకు న్యాయం అనిపించదు.

చివరికి రాజధాని పోర్ట్ లూయీ. రేవు ఒడ్డున ఆప్రవాసీ ఘాట్‌లో మిగిలిన 16 రాతి మెట్లున్నాయి. ఎక్కడానికి నిమిషం పట్టదు. 1834 నుంచి ఎనభై ఏళ్ళ పైచిలుకు కాలంలో నాలుగున్నర లక్షలకు పైగా జనం ఓడ దిగి ఈ దీవిలోకి వచ్చారు, 1849లో ఈ డిపో కట్టాక ఈ మెట్ల మీదుగా. ఎక్కువమంది బీహారు వైపువాళ్ళు; గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలని పిలిచేవారు. ఇవాళ మారిషస్‌లో ఉగాది జాతీయ సెలవు దినం. బళ్ళలో తెలుగు చెబుతారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఊరి వెనకాలే బొటనవేలు ఎత్తి చూపినట్టున్న లె పూస్ కొండ. 812 మీటర్లు. 1836 మే నెలలో చార్లెస్ డార్విన్ దీన్ని ఎక్కాడు, కూలీల ఓడలు రావడం మొదలైన కొత్తల్లోనే. సెంట్ పియర్ వైపు నుంచి చెరకు చేల మధ్యగా బయలుదేరితే భుజం దాకా కుటుంబాలు నిదానంగా చేరుకుంటాయి. చివరి వేలి భాగం రాతి పాకుడు, అది కావాలనుకున్నవాళ్ళకి. భుజం మీద నిలబడితే రేవు, చెరకు, నల్లరాళ్ళ గుట్టలు, కొత్త భవనాలు ఒక్కసారిగా కనిపిస్తాయి. ఆ దారులన్నీ ముందు నడిచి వచ్చినవాళ్ళకి అందులో దేని వెనక ఏముందో తెలుస్తుంది. తిన్నగా ఇక్కడికే వచ్చి ఫొటో తీసుకుని దిగినవాళ్ళకి అదొక అందమైన పటం.

ఈ దారుల వల్ల మనకేం పని అంటే, కాకినాడ పక్కన కోరంగి ఉంది. 1789లోను, 1839లోను తుఫాన్లు ఆ రేవుని తుడిచిపెట్టాయి. ఇప్పుడక్కడ మడ అడవుల అభయారణ్యం, నీటిపిల్లి తిరిగే చోటు. మడ చెట్ల మధ్య నుంచి చెక్కబాట కూడా వేశారు. వారాంతాల్లో తాతయ్యల చేతులు పట్టుకుని పిల్లలు ఆ బాట మీద నడుస్తున్నారు. బురదలో ఎగిరే చేపల్ని, ఒక పెద్ద గోరున్న ఎండ్రకాయల్ని ముందు వాళ్ళే చూస్తారు. అంటే సులువైన దారి ఎలా ఉండాలో మనకి తెలియక కాదు. బాట వేయడం మొదటి సగం పనే అని మనం అనుకోవడం లేదు, అదే ఇబ్బంది. ప్రతి తుఫాను తర్వాతా పలకలు మార్చాలి. కూర్చోవడానికి బల్లలు, ఆడవాళ్ళకీ పిల్లలకీ మరుగుదొడ్లు ఉండాలి. తెల్ల మడకీ నల్ల మడకీ తేడా తెలుగులో చెప్పగలిగిన మనిషి వెంట నడవాలి. ఆ మనిషికి నెలనెలా జీతం అందాలి. ఈల్ ఓ జెగ్రెట్‌ని నిలబెట్టినవి ఇలాంటి పనులే, పేరు రాని పనులే. నల్లమలలోను, అనంతగిరిలోను, తలకోనలోను కొత్త రోప్‌వేలు, గాజు వంతెనలు అడిగే ముందు ఇటువంటి కిలోమీటరు బాట ఒక్కొక్కటి అడిగితే బాగుంటుంది. కోరంగి బాట మీద నడిచే పిల్లలకి, ఈ రేవు వైపు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు ఎక్కడ దిగారో, అక్కడ ఎన్ని రాళ్ళు ఏరారో కూడా చెప్పాలి. ఎవరికి వీలైతే వాళ్ళు, ఈ వారాంతంలోనే మొదలుపెట్టొచ్చు.